పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను వరిగడ్డి నుంచి తీయొచ్చా?

తీయొచ్చు, కానీ నూకల నుంచి తీసినంత తేలిక కాదు. నూకల్లోని పిండిపదార్థం ఎంజైములు తగలగానే చక్కెరగా మారుతుంది. గడ్డిలోని చక్కెరలు మాత్రం సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ రూపంలో గట్టిగా అల్లుకుని, లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థంలో చిక్కుకుని ఉంటాయి. అందుకే ముందు గడ్డిని ముక్కలు చేసి, వేడితో, ఆమ్లంతో ఆ అల్లికను వదులు చేయాలి. ఆ తర్వాతే ఎంజైములు దాన్ని చక్కెరగా విడగొడతాయి, ఈస్టు ఆ చక్కెరను పులియబెట్టి ఇథనాల్ చేస్తుంది. ఖర్చు పెరిగేదీ ఇక్కడే. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ప్రారంభించిన ప్లాంటును ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. లేదంటే పొలంలోనే కాలి పొగయ్యే గడ్డి కదా, ఈ శ్రమ సబబే. గడ్డి ఇథనాల్ నాసిరకమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు: శుద్ధి చేశాక నూకలదైనా గడ్డిదైనా అదే ఇథనాల్.