బారుకీ బడికీ మధ్య దూరం ఎలా కొలుస్తారు?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా వీధి చివర కాలవగట్టు మీద బారు పెడుతున్నారు. రాత్రిళ్లు రికార్డింగ్ డాన్సులు కూడా ఉంటాయట. అవతలి గట్టున హైస్కూలు, ఇవతల మా అమ్మవారి గుడి. ఆపించగలమా లాయరు గారూ? – ఒక గృహిణి

జవాబు: ఆపించే వీలుందమ్మా. అయితే డాన్సుల మీద కాదు, ముందు లైసెన్సు మీద పట్టు పట్టండి.

గుడికి, బడికి 100 మీటర్లలోపు మద్యం అమ్మకూడదని మన ఎక్సైజ్ నిబంధన. చిక్కంతా కొలతలో ఉంది. బారు గుమ్మం నుంచి బడి గేటు దాకా మనిషి మామూలుగా నడిచివెళ్లే దగ్గరి దారినే కొలుస్తారు. కాలవకు అడ్డంగా చూస్తే బడి 40 మీటర్లే కావచ్చు. వంతెన చుట్టి వెళ్తే 300 అవుతుంది. అప్పుడు బడి మీకు అక్కరకు రాదు. మన డెల్టాలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కాలినడక వంతెన ఏదైనా దగ్గర్లో ఉంటే మాత్రం దాని మీదుగా టేపు పట్టి కొలిపించండి.

ఇక మీకు మిగిలిన బలం గుడి. అది దేవాదాయ శాఖలో రిజిస్టరైతేనే లెక్కలోకి వస్తుంది. వేపచెట్టు కింద తరతరాలుగా జాతర జరుగుతున్నా, కాగితం లేకపోతే అధికారి పట్టించుకోడు. ఈ వారమే ఆ రిజిస్ట్రేషన్ కాగితం నకలు తెప్పించుకోండి. లైసెన్సు ఇవ్వకముందే జిల్లా ఎక్సైజ్ అధికారికి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

డాన్సు ఉంది కాబట్టి బడికి దూరంగా పొమ్మనే వాదన నిలబడటం కష్టం. డాన్సు బార్లు బడికి, గుడికి కిలోమీటరు అవతల ఉండాలన్న మహారాష్ట్ర షరతును సుప్రీంకోర్టు 2019 జనవరిలో కొట్టేసింది. ముంబైలాంటి ఊళ్లో అలాంటి చోటే దొరకదని చెప్పింది. అశ్లీల నృత్యాలపై నిషేధాన్ని మాత్రం ఉంచింది. మన దగ్గరా అశ్లీలం శ్రుతి మించితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఉంది. రాత్రి 10 దాటాక బయటికి వినపడేలా మైకు పెడితే పోలీసులకు చెప్పండి. రోజూ అదే గోలైతే నరసాపురం ఆర్డీవో దగ్గర భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ (జనానికి కలిగే ఇబ్బందిని తొలగించమని ఆదేశించే సెక్షన్) కింద ఫిర్యాదు చేయండి.

ఒక్క మాట. అర్జీలో ఆ డాన్సులు చేసే అమ్మాయిల గురించి ఒక్క ముక్క చెడుగా రాయకండి. వాళ్లది పొట్టకూటి పని. మీ తగాదా లైసెన్సుదారుతో.