నవ్వే గుంపులో మా అమ్మాయి కూడా ఉంది

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల స్నేహాల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. గుర్తుపట్టడానికి వీలైన వివరాలను తొలగించాం.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఇంట్లో చెల్లెల్ని, నాయనమ్మను ఎంతో ప్రేమగా చూసుకుంటుంది. ఈ ఏడాది తండ్రికి బదిలీ కావడంతో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి వాళ్ల తరగతిలో చేరింది. ఆ పిల్ల ‘త్వరగా’ అనడానికి ‘బేగి’ అంటుందని, ఆ మాటనే ఆమెకు పేరుగా పెట్టేశారు. నా ఫోన్‌లో ఉన్న తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటోతో స్టిక్కర్లు చేసి పంపుకుంటున్నారు. మా అమ్మాయి స్టిక్కర్లు చేయలేదు గానీ ప్రతిదానికీ నవ్వు బొమ్మ పెట్టింది. అడిగితే, ‘అందరూ పెట్టారు, నేనొక్కదాన్నే పెట్టకపోతే ఎలా?’ అంది. మా పెంపకంలో ఎక్కడ లోపం జరిగింది?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: చెల్లెల్ని, నాయనమ్మను కనిపెట్టుకుని ఉండే పిల్లకు మనసు లేదని ఎవరూ అనలేరు కాబట్టి, పెంపకం గురించిన ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలకు ఇంట్లో మంచిపేరు కన్నా తోటివారిలో చోటు ముఖ్యమవుతుంది. ఆ చోటు ఏ రోజు పోతుందోనన్న భయం వారిని వెంటాడుతూనే ఉంటుంది. మీ అమ్మాయి చెప్పిన మాట ఆ భయానికి సంబంధించిందే. కొత్తగా వచ్చిన పిల్ల బాధపడుతోందని ఆమెకు తెలియక కాదు, ఆ బాధ తెలిసిన తరువాత తన చోటు పోగొట్టుకోకుండా ఏం చేయవచ్చో తెలియకనే ఆమె నవ్వు బొమ్మ పెట్టింది. ఈ వయసు పిల్లల్లో సహానుభూతి గురించి మాట్లాడేటప్పుడు మనం బాధను గుర్తించడమనే మొదటి సగాన్నే పట్టుకుని ఉపన్యాసాలు ఇస్తాం, తరువాత ఏం చేయాలన్న రెండో సగాన్ని వారికే వదిలేస్తాం.

‘సిగ్గు లేదా, నిన్ను ఇలాగేనా పెంచింది’ అని మొదలుపెడితే ఆమె ఆలోచన తన మీదికీ, మీ కోపం మీదికీ మళ్లుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల సంగతి వెనక్కి పోతుంది. పిల్లల నైతిక వికాసాన్ని దీర్ఘకాలం అధ్యయనం చేసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ హాఫ్‌మన్ ముఖ్యంగా చెప్పింది కూడా ఇదే: శిక్ష, అలక వంటి వాటికన్నా, తాను చేసిన పని వల్ల ఎదుటివారికి ఏం జరిగిందో పిల్లల దృష్టికి తెచ్చే తల్లిదండ్రుల దగ్గరే సహానుభూతి బాగా ఎదుగుతుంది. అయితే ‘నీకే అలా జరిగితే?’ అన్న ప్రశ్న వేయకండి. దానికి జవాబు పిల్లలందరికీ కంఠతా వచ్చు. అంతకన్నా, ‘ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుంటుంది? స్టిక్కర్ వచ్చిన మర్నాడు తరగతిలోకి ఎలా వచ్చింది? క్లాసులో టీచర్ అడిగినప్పుడు ఇప్పుడు చెయ్యి ఎత్తుతోందా, మానేసిందా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. మొదటి రోజు ‘ఏమో, నాకు తెలీదు’ అంటుంది. మర్నాడు తరగతిలో మాత్రం తప్పకుండా చూస్తుంది.

ఇక ఏం చేయాలన్నది. టొరంటోలోని ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్లో పిల్లల ప్రవర్తనను వీడియో తీసి పరిశీలించి, 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తోటి పిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా వేధింపు పది సెకన్లలోపే ఆగిపోయినట్టు తేలింది. అలా అడ్డుపడేవారు మాత్రం తక్కువ. కాబట్టి మీ అమ్మాయి గుంపును ఎదిరించి పోట్లాడనక్కర్లేదు, ఆమె చేతిలో ఉన్న చిన్న పనులు చాలు. నవ్వు బొమ్మ పెట్టడం మానేయవచ్చు. ఆ పిల్లను అసలు పేరుతో, అందరికీ వినపడేలా పిలవవచ్చు. లెక్కల నోట్సు అడిగి తీసుకోవచ్చు. ధైర్యం చిక్కిన రోజున స్టిక్కర్ చేసిన స్నేహితురాలితో, గ్రూపులో కాకుండా విడిగా, ‘ఇది బాగాలేదే, తీసెయ్’ అని చెప్పవచ్చు. వీటిలో ఏది చేయగలదో ఆమెనే ఎంచుకోనివ్వండి. పట్టుబట్టి ఆ పిల్ల ఇంటికి తీసుకువెళ్లి క్షమాపణ చెప్పించడం మాత్రం వద్దు. దానివల్ల ఇద్దరు పిల్లలూ తలదించుకుంటారు.

గ్రూపు విషయంలో పెద్దవారిగా మీ బాధ్యత వేరుగా ఉంది. వాట్సాప్ నిబంధనల ప్రకారమే దాన్ని సొంతంగా వాడేందుకు కనీసం 13 ఏళ్లు ఉండాలి. ఏడో తరగతి పిల్లల్లో చాలామందికి ఆ వయసు రాదు. ఆ గ్రూపు తల్లుల ఫోన్లలోనే నడుస్తోంది కాబట్టి దాన్ని మూయించే అధికారమూ తల్లులదే. స్టిక్కర్ల సంగతి క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి గానీ, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టకండి. అక్కడ పెడితే సాయంత్రానికల్లా అది పెద్దవారి తగాదా అవుతుంది.

మరొక్క మాట. ఉత్తరాంధ్ర యాసను, తెలంగాణ యాసను నవ్వించే పాత్రలకే ఎక్కువగా అంటగట్టిన సినిమాలను మన ఇళ్లలో ఏళ్ల తరబడి హాయిగా చూశాం. టీవీ ముందు కూర్చుని ఆ యాసను అనుకరించి నవ్వింది పెద్దవాళ్లమే. ఈ సంగతి కూడా మీ అమ్మాయితో మాట్లాడదగ్గదే.

ప్రశ్న: మా మనవడు ఎనిమిదో తరగతి. పెంపుడు కుక్క చనిపోతే వారం రోజులుగా ఏడుస్తున్నాడు. మగపిల్లవాడు ఇంత మెత్తగా ఉంటే రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తాడు?
– ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: ఏడవనివ్వండి. తన బాధను అణచుకోవడం నేర్చిన పిల్లవాడికి ఎదుటివారి బాధ కూడా క్రమంగా చికాకుగా తోస్తుంది. మీరు చిన్నప్పుడు పెంచిన దూడ గురించో కుక్క గురించో, అది పోయినప్పుడు మీ ఇంట్లో ఏం జరిగిందో వాడికి చెప్పండి. మగవాడు దుఃఖం గురించి మాట్లాడవచ్చునని తండ్రి చెప్పడం కన్నా తాతగారు చెబితేనే వాడు నమ్ముతాడు. తిండి, నిద్ర, చదువు వారాల తరబడి దెబ్బతింటే మాత్రం వైద్యుని సలహా తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అయిదో తరగతి వరకు మా ఊరి బడిలో చదివి, ఇప్పుడు మండల కేంద్రంలోని హైస్కూల్‌లో ఆరో తరగతిలో చేరాడు. ఊళ్లో నలుగురిని వెంటేసుకుని తిరిగేవాడు, ఇక్కడ ఒక్కడే కూర్చుంటున్నాడని సారు చెప్పారు. ‘పోయి అందరితో మాట్లాడు’ అని రోజూ చెప్తున్నా వినడం లేదు.
– ఒక తండ్రి, హుజూరాబాద్

జవాబు: ఊరి బడిలో అతనికి స్నేహితులను సంపాదించుకునే పని పడలేదు. వాకిట్లో నుంచే వారు దొరికారు. ఇప్పుడు మొదటిసారి ముఖపరిచయం లేని పిల్లల మధ్య, పీరియడ్‌కొక సారు మారే చోట, తనంతట తాను స్నేహం చేసుకోవాల్సి వచ్చింది. ‘అందరితో మాట్లాడు’ అన్నది పెద్దవారికి కూడా కష్టమైన పని. ఒక్కరితో మొదలైతే చాలు.

ముందుగా, ఒంటరిగా ఉంటున్నాడా, లేక ఒంటరిగా ఉంచుతున్నారా అన్నది తెలుసుకోండి. సొంత ఇష్టంతో పుస్తకమో బొమ్మలో పెట్టుకుని కూర్చునే పిల్లవాడు ఇంటికి మామూలుగానే వస్తాడు. వెలివేతకు గురవుతున్న పిల్లవాడికి ఆదివారం సాయంత్రం నుంచే కడుపునొప్పి మొదలవుతుంది, టిఫిన్ డబ్బా సగం తిన్నది తిన్నట్టే తిరిగి వస్తుంది, బడి గురించి అడిగితే మాట మారుస్తాడు. రెండోదే అయితే ఆలస్యం చేయకుండా క్లాస్ టీచర్‌ను కలవండి.

మొదటిదే అయితే రోజూ గుర్తుచేయడం మానండి, ఎందుకంటే ప్రతి సాయంత్రం ‘ఇవాళ ఎవరితో మాట్లాడావు?’ అని అడిగితే అది అతనికి ఇంకొక పరీక్ష అవుతుంది. మీ ఊరి నుంచో పక్క ఊరి నుంచో అదే బస్సులోనో ఆటోలోనో వచ్చే పిల్లవాడు ఎవరైనా ఉన్నారేమో చూడండి. దారిలో కలిసే ఆ అరగంట తరగతి గది కన్నా తేలికైనది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మగపిల్లలకు ఈ వయసులో ఇబ్బంది, చేతిలో ఏదో పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. అందుకే కబడ్డీ, క్యారమ్స్, సైన్స్ ఫెయిర్ నమూనా వంటి వాటిలో చేర్చమని వ్యాయామోపాధ్యాయుణ్నో సైన్స్ సారునో అడగడం మంచిది. సెలవు రోజున ఒక తరగతి మిత్రుణ్ని ఇంటికి పిలవమనండి. వచ్చినప్పుడు మార్కుల గురించి అడగకుండా ఉండండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. తరగతిలో నాలుగైదు గుంపులు గట్టిగా పాతుకుపోయాయి, కొందరు పిల్లలతో ఎవరూ కలవరు. సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలని స్థితిలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

జవాబు: ఉంది, అదీ మీ సిలబస్‌లోనే ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లలు మొదటిసారి ఒకే తరగతుల్లో కూర్చోవలసి వచ్చి గొడవలు పెరిగినప్పుడు, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు కలిసి ఒక బోధన పద్ధతిని రూపొందించారు. దానిని జిగ్‌సా తరగతి అంటారు. మీరు జాతీయోద్యమం పాఠం చెబుతున్నారనుకోండి. పాఠాన్ని అయిదు భాగాలు చేసి, అయిదుగురేసి పిల్లల జట్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం ఇవ్వండి. ఉప్పు సత్యాగ్రహం భాగం వచ్చిన పిల్లలంతా ముందు ఒకచోట చేరి దాన్ని చదివి చర్చించుకుంటారు, తరువాత ఎవరి జట్టుకు వారు తిరిగి వెళ్లి మిగిలిన నలుగురికీ చెబుతారు. చివర పరీక్ష అయిదు భాగాల మీదా ఉంటుంది. రోజూ ఎవరూ పలకరించని పిల్ల దగ్గర ఉన్న భాగం ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి, ఆమె తడబడినా మిగిలిన నలుగురూ ఓపికగా విని, అడిగి రాబట్టుకోవలసిందే. రెండు పీరియడ్లు పడుతుంది గానీ పాఠం కూడా అయిపోతుంది.

జట్లను మీరే వేయాలి, పిల్లలకు వదిలితే పాత గుంపులే తిరిగి వస్తాయి. ఫస్టు వచ్చే విద్యార్థిని ప్రతిసారీ నాయకుడిగా పెట్టకండి. మొదటిసారి గందరగోళంగానే ఉంటుంది, మూడో నాలుగో పాఠానికి గాని కుదురుకోదు.

2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు వంటి వృత్తి నిపుణుల దగ్గర గడపమని సూచించింది. చాలాచోట్ల అది కాగితం మీదే మిగిలినా, వీలైతే వాడుకోండి. చదువులో వెనకబడ్డ పిల్లవాడు కుమ్మరి సారె ముందు అందరికన్నా ముందుండటం తోటివారు ఒక్కసారి చూస్తే, వారు అతనికి ఇచ్చే విలువ మారుతుంది.

ఏడిపించిన పిల్లలను నిలబెట్టి అందరి ముందు తిట్టడం వద్దు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. పైగా ఆ అవమానానికి మూల్యం సాయంత్రం బడి గేటు బయట బాధిత విద్యార్థే చెల్లిస్తాడు. విడివిడిగా పిలిచి మాట్లాడండి. మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో కొన్ని రోజులు గమనించండి. అక్కడ కులం ప్రసక్తి వినిపిస్తే దాన్ని పిల్లల అలకల కింద జమకట్టకుండా వెంటనే ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకువెళ్లండి. కొట్టడం, డబ్బు లాక్కోవడం, అసభ్యమైన ఫొటోలు తిప్పడం కూడా అంతే. అలాంటి సందర్భాల్లో పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు. మానసిక ఆరోగ్య సలహా కోసం టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లనూ నోటీసు బోర్డు మీద, పిల్లల కంటికి అందే ఎత్తులో రాసి ఉంచండి.