పాపని కువైట్ పంపనా, ఇక్కడే ఇంటర్‌లో వేయనా అని అడిగిన అమ్మకి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మిగతావాళ్ళకి కూడా పనికొస్తది కాబట్టి ముందు మీ ప్రశ్న నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మీది రాజోలు వైపు ఊరు, మీ ఆయన పదకొండేళ్ళుగా కువైట్‌లో స్టోర్ కీపరు, పాప తొమ్మిది పాసై ఇప్పుడు పదిలోకి వస్తోంది. డల్లాస్‌లో ఉన్న మీ అక్కగారి అబ్బాయి సెలవులకి వచ్చి "మా స్కూల్లో ర్యాంకులుండవు, స్లిప్ టెస్టులుండవు" అని చెప్పి వెళ్ళాడు, అప్పట్నించి పాప అన్నం ముందు కూర్చున్నా అదే గోల. ఆయనేమో పాపని కువైట్ తీసుకెళ్ళిపోతా అంటున్నారు, మీ మరిదిగారేమో విజయవాడ హాస్టల్లో ఇంటర్‌కి సీటు మాట్లాడేశారు, మీరేమో అసలు ఏ దేశం చదువు మంచిదో చెప్పండి అని అడిగారు.

ముందు అర్జెంటు విషయం. ఈ ఏడాది పాపని కదపకండి. కువైట్‌లో మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా చదివేది అక్కడి ఇండియన్ స్కూళ్ళలో, అవి చాలావరకు సీబీఎస్ఈ. సీబీఎస్ఈ వాళ్ళకి తొమ్మిది పది కలిపి ఒకే కోర్సు, పదకొండు పన్నెండు కలిపి ఇంకో కోర్సు. మన స్టేట్ బోర్డులో తొమ్మిది చదివి తిన్నగా వాళ్ళ పదిలో కూర్చోవడం కుదరదు, తండ్రికి ట్రాన్స్‌ఫర్ లాంటి కారణాలకి మినహాయింపు ఉంది గానీ అది బోర్డు అనుమతి మీద నడిచే వ్యవహారం. మీ ఆయనకి ట్రాన్స్‌ఫర్ ఏం కాలేదు, ఆయన పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నారు. కాబట్టి పది ఇక్కడే, మీ ఊళ్ళోనే, ఇప్పుడున్న బళ్ళోనే. ఆలోచించాల్సింది పది తర్వాత సంగతి.

ఇక ఏ దేశం చదువు మంచిది అన్నారు. ఈ ప్రశ్న నన్ను వారానికి ఇద్దరన్నా అడుగుతారండి, దీన్ని పట్టుకుని పోతే ఎటూ తేలదు. పీసా అని పదిహేనేళ్ళ పిల్లలకి చాలా దేశాల్లో ఒకటే పరీక్ష పెడతారు, 2000లో మొదటిసారి పెట్టినప్పుడు చదవడంలో ఫిన్లాండ్ ఫస్టు వచ్చింది, 2022లో సింగపూర్ ఫస్టు వచ్చింది. ఈ రెండు దేశాల బళ్ళకీ పోలికే లేదు. ఫిన్లాండ్‌లో పిల్లలు ఏడో ఏట ఒకటో తరగతిలో చేరతారు, మధ్యలో దేశమంతటికీ కలిపి పెద్ద పరీక్ష ఏదీ ఉండదు, హైస్కూల్ చివర్లో మాత్రం ఒకటుంటుంది. సింగపూర్‌లో పన్నెండేళ్ళకే, ఆరో క్లాసు చివర్లో, పీఎస్ఎల్ఈ అని పరీక్ష, దాన్నిబట్టే హైస్కూలు. రెండు చోట్లా పిల్లలు బాగానే నేర్చుకున్నారు. (ఫిన్లాండ్‌లో హోంవర్కే లేదని వాట్సాప్‌లో తిరుగుతుంది కదా, అది నిజం కాదు, హోంవర్క్ ఉంది, తక్కువ ఉంటుంది అంతే.)

మరి దేన్ని చూడాలి అంటే, నేను రెండే చూస్తాను. పిల్లని ఏ వయసులో దారి ఎంచుకోమంటున్నారు, తప్పు దారి పడితే వెనక్కి రానిస్తారా లేదా. మన కాలవల మీద లాకులు చూశారుగా, పడవ ఒక లాకు దాటి వేరే కాలవలోకి దిగిపోయాక వెనక్కి రావాలంటే ఆ లాకు మళ్ళీ తీసేవాడు ఉండాలి, లేకపోతే ఆ కాలవ ఎటు పోతే పడవా అటే. దేశదేశాల బళ్ళ మధ్య అసలు తేడా ఈ లాకు దగ్గరే ఉంది.

జర్మనీ తీసుకోండి, అక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో క్లాసు అయిపోగానే, అంటే పదేళ్ళకే, పిల్లల్ని విడదీస్తారు. యూనివర్సిటీ వైపు వెళ్ళేవాళ్ళు జిమ్నాజియం, మిగతావాళ్ళు రియల్‌షూలే, హౌప్ట్‌షూలే అని వేరే బళ్ళు. బెర్లిన్ లాంటి చోట్ల మాత్రం ఆరో క్లాసు దాకా ఆగుతారు. పదేళ్ళ పిల్లకి ఏం తెలుసండి అని నాకూ అనిపిస్తుంది, అక్కడ కూడా దీని మీద ఏళ్ళ తరబడి గొడవ నడుస్తూనే ఉంది. కాకపోతే వాళ్ళ దగ్గర లాకు మళ్ళీ తెరుచుకుంటుంది, పని నేర్చుకున్నవాళ్ళు తర్వాత సాయంత్రం బళ్ళలో చదివి యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసుకోవచ్చు, చేతిపనిలో మైస్టర్ పట్టా తెచ్చుకుంటే అది కూడా యూనివర్సిటీకి దారి ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో పన్నెండేళ్ళకి విడదీస్తారు, ఒక మెట్టు పూర్తి చేసినవాళ్ళు పై మెట్టుకి ఎక్కే వీలుంది. ఇంగ్లండ్‌లో పదహారేళ్ళకి జీసీఎస్ఈ అనే పరీక్షలు రాసి తర్వాత ఎక్కువమంది మూడంటే మూడే సబ్జెక్టులు తీసుకుని ఏ లెవెల్స్ చదువుతారు, మన ఎంపీసీకి దగ్గర చుట్టం అనుకోండి. కొరియాలో నవంబరులో ఒక్కరోజు పరీక్ష, ఇంగ్లీషు లిజనింగ్ జరిగే కాసేపు విమానాలు కూడా ఎగరనివ్వరు, పిల్ల పన్నెండేళ్ళ చదువు ఆ ఒక్కరోజు మీద పెట్టేస్తారు, అది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మీ అక్కగారి అబ్బాయి సంగతి. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు, వాడికి కనపడింది చెప్పాడు. కానీ వాడు ఉన్నది టెక్సాస్. అమెరికాలో దేశమంతటికీ ఒక సిలబస్ లేదు, ఎవరి రాష్ట్రానిది వారిదే, టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే ఆల్జీబ్రా, బయాలజీ, అమెరికా చరిత్ర, రెండేళ్ళ ఇంగ్లీషు, ఇలా ఐదు స్టేట్ పరీక్షలు దాటాలి. ర్యాంకుల్లేవన్నాడు గానీ అదే రాష్ట్రంలో 1997లో ఒక చట్టం చేశారు, ప్రతి హైస్కూల్లోనూ క్లాసులో పైనున్న 10 శాతం పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో తిన్నగా సీటు ఇవ్వాలని, ఆస్టిన్‌లో ఉన్న పెద్ద యూనివర్సిటీకి అయితే ఆ శాతం ఇంకా బిగించేశారు. మరి ర్యాంకు లేకుండా 10 శాతం ఎలా తేలుస్తారు? నాలుగేళ్ళ మార్కులన్నీ పోగేసి తేలుస్తారు, పిల్లాడికి ఆ లెక్క గోడ మీద అంటించి కనపడదు, అంతే తేడా. ఇంకోటి, అక్కడి ప్రభుత్వ బడికి ఫీజు లేదు గానీ బడి డబ్బుల్లో పెద్ద వంతు ఆ ఏరియా ఇళ్ళ మీద వేసే పన్ను నుంచి వస్తుంది, మంచి బళ్ళున్న చోట ఇల్లు కొనాలంటే ఖరీదెక్కువ, మీ అక్కగారిని అడిగి చూడండి ఆ ఇల్లే ఎందుకు తీసుకున్నారో.

కానీ ఒక విషయంలో ఆ కుర్రాడి అదృష్టం నిజమేనమ్మా. వాడు పదిహేనేళ్ళకి డాక్టరా ఇంజనీరా అని తేల్చక్కర్లేదు. డిగ్రీలో చేరాక కూడా చాలా కాలేజీల్లో రెండో ఏడు దాకా మెయిన్ సబ్జెక్టు చెప్పకుండా ఉండొచ్చు, డబ్బు లేకపోతే ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు తక్కువ ఫీజుతో చదివి మిగతా రెండేళ్ళకి యూనివర్సిటీకి మారొచ్చు. మీ పాప వాడి మాటల్లో విన్నది అదే అనుకుంటాను నేను. ర్యాంకుల బాధ ఒకటే కాదు, అప్పుడే తేల్చేయమంటున్నారన్న భయం.

మన లాకు ఎక్కడుందో మీకు తెలుసు, పది రిజల్ట్ వచ్చిన వారంలో. ఎంపీసీనా బైపీసీనా అన్నది పిల్ల కంటే ముందు చుట్టాలు తేల్చేస్తారు. పాలకొల్లు వైపు నుంచి ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు కొన్నేళ్ళ క్రితం, వాళ్ళ వీధిలో అందరూ ఎంపీసీ అని హాస్టల్లో వేశారు, పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పది దాకా క్లాసూ స్టడీ అవరూ, దసరా సెలవులకి ఇంటికొచ్చినవాడు తిరిగి వెళ్ళనని గోదావరి గట్టు మీద కూర్చుండిపోయాడు. వాడికి అకౌంట్స్ ఇష్టం, మేం ఒక ఏడాది పోగొట్టుకుని సీఈసీకి మార్చాం, ఆ ఏడాది వాళ్ళ నాన్నగారు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మన దగ్గర లాకు వెనక్కి తెరుచుకోదని కాదు, ఓపెన్ స్కూల్ ఉంది, ఈ మధ్య ఇంటర్‌లో బైపీసీతో పాటు లెక్కలు కూడా తీసుకునే ఎంబైపీసీ వచ్చింది, వెనక్కి రావచ్చు. కాకపోతే వెనక్కొచ్చిన పిల్లని ఫెయిలైనట్టు చూస్తాం, అది నాకు కోపం తెప్పిస్తుంది. అందుకే విజయవాడ సీటుకి అడ్వాన్సు కట్టొద్దని మీ మరిదిగారికి ఈ రోజే చెప్పండి.

ఇక కువైట్. అక్కడి ప్రభుత్వ బళ్ళు అరబిక్ మీడియం, ప్రధానంగా ఆ దేశం పిల్లల కోసం, కాబట్టి మీరు ఫీజు కట్టే ప్రైవేటు స్కూలే చూసుకోవాలి. కుటుంబాన్ని తీసుకెళ్ళే వీసాకి జీతం ఇంత ఉండాలని రూలు ఉంటుంది, అది మారుతూ ఉంటుంది, అది ఆయన అక్కడే కనుక్కోవాలి. లాభం లేదని అనను. నీట్ రాయడానికి 2021 నుంచి కువైట్‌లో సెంటర్ ఇచ్చారు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి ఎన్ఐటీల్లో సీఐడబ్ల్యూజీ అని వేరే కోటా ఉంది, జేఈఈ మెయిన్ ర్యాంకుతో మనవాళ్ళ ఫీజుకే సీటు ఇస్తారు. ఇంజనీరింగ్ పిచ్చి ఉన్న పిల్ల అయితే నేనే వెళ్ళమనేవాణ్ణి.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది, ఇది ఎవరూ చెప్పరు, తీరా కౌన్సెలింగ్ రోజున బయటపడుతుంది. మన రాష్ట్రంలో ఈఏపీసెట్, మెడికల్, అగ్రికల్చర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే. లోకల్ అంటే మామూలుగా ఇంటర్ పూర్తయ్యేనాటికి వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి. తొమ్మిదీ పదీ ఇక్కడ చదివి పదకొండూ పన్నెండూ కువైట్‌లో చదివితే ఆ నాలుగేళ్ళ వరస తెగిపోయినట్టే. మీరు పదేళ్ళకి పైగా ఇక్కడే ఉన్నారు కాబట్టి పాప మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు, అంతకుమించి లేదు. నాన్న దగ్గర రెండేళ్ళు ఉండాలన్న ముచ్చటకి ఇది చిన్న ఖరీదు కాదమ్మా, తెలిసి కట్టాలి.

మీరు చివర్లో ఒక లైను రాశారు, చాడీ చెప్తున్నట్టు రాశారు: "పుస్తకం పట్టదండి, సెలవులొస్తే కడియంలో అమ్మమ్మగారింటికి పోయి నర్సరీలో మామిడి అంట్లు కడతా కూర్చుంటది, క్రితంసారి కట్టినవాటిలో చాలావరకు బతికాయంట." నేను ఆ లైను దగ్గరే ఆగిపోయానండి. పద్నాలుగేళ్ళ పిల్ల కట్టిన అంట్లు బతుకుతున్నాయి అంటే ఆ చేతికీ కంటికీ ఏదో తెలుసు. జర్మనీలో నర్సరీ పని మూడేళ్ళ చదువు, గేర్ట్నర్ అంటారు, వారంలో కొన్ని రోజులు తోటలో పని, కొన్ని రోజులు బడి, నేర్చుకునేటప్పుడే నెలనెలా డబ్బులిస్తారు, చివర్న పరీక్ష పెట్టి దేశమంతా చెల్లే పట్టా ఇస్తారు. నెదర్లాండ్స్‌లో వాఖనింగెన్ అనే ఊళ్ళో వ్యవసాయం మీద ప్రపంచమంతా గౌరవించే యూనివర్సిటీ ఉంది. మీ పాప చేసే పనిని ఆ దేశాల్లో చదువు అంటారు, మనింట్లో పుస్తకం పట్టకపోవడం అంటున్నాం. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి కాదు.

అలాగని ఇప్పుడే జర్మనీ అని బయల్దేరొద్దు. పాపకి ఉన్న దారి గోదారి దాటితే చాలు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది, కొబ్బరి మీద పనిచేసే వాళ్ళ పరిశోధన కేంద్రం మీ అంబాజీపేటలోనే ఉంది. బైపీసీ చదివి ఈఏపీసెట్ రాస్తే నాలుగేళ్ళ బీఎస్సీ హార్టికల్చర్, పది తర్వాతే చేరాలంటే హార్టికల్చర్ పాలిటెక్నిక్ డిప్లొమా. అగ్రికల్చర్, హార్టికల్చర్ సీట్లలో రైతు కుటుంబాలకి కోటా ఉంటుంది, పల్లెటూరి బళ్ళో చదివిన ఏళ్ళూ పొలం కాగితాలూ చూస్తారు, మీ మావగారి కొబ్బరితోట కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి. చూశారా, పాప కువైట్ వెళ్తే ఈ సీట్లలో పోయేది సరిగ్గా ఆ లోకలే. డిగ్రీ అయ్యాక పై చదువుకి నెదర్లాండ్స్ వెళ్తానంటే అప్పుడు పంపుదురుగాని, అప్పటికి పాపకి ఇరవై ఒకటి వస్తాయి, తన దారి తనకి తెలుస్తుంది. నా సలహా అడిగితే పది అయ్యాక డిప్లొమా కంటే బైపీసీనే, ఇంటికి దగ్గర్లో డేస్కాలర్‌గా, ఎందుకంటే పదిహేనేళ్ళకే ఆ ఒక్క కాలవలోకి దింపేయడం నాకిష్టం లేదు, రేపు మనసు మారి నర్సింగ్ అన్నా ఫార్మసీ అన్నా బైపీసీ నుంచి వెళ్ళగలదు.

మీ ఆయనకి నా మాటగా చెప్పండి, వచ్చే వేసవిలో పది పరీక్షలు అవగానే వీసా దొరికితే రెండు నెలలు పాపని అక్కడికి పిలిపించుకోమనండి, నాన్న దగ్గర ఉన్నట్టూ ఉంటుంది, వరసా తెగదు. ఈలోపు బళ్ళు పూర్తిగా ఊపందుకోకముందే ఒక పని చేయండి. చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా పొద్దున్నే బయల్దేరి పాపని వెంకట్రామన్నగూడెం తీసుకెళ్ళండి, ముందురోజు ఫోన్ చేసి అడిగితే చూడనిస్తారేమో కనుక్కోండి, మామిడి బ్లాకు దగ్గర మీరు కాస్త వెనక నిలబడి ప్రశ్నలు పాపనే అడగనివ్వండి. ఏం అడిగిందో నాకు రాయండి, మిగతాది దాన్నిబట్టి చూద్దాం.