సుఖదుఃఖాలు ఏ ఇంద్రియానికి తెలుస్తాయి?

కళ్లు, చెవులు బయటి సంగతులు చెబుతాయి సరే, లోపలి బాధ, సంతోషం దేనికి తెలుస్తాయని మీ ప్రశ్న. తర్కానికి పేరుపడ్డ భారతీయ తత్వశాఖ న్యాయ దర్శనం. దాని జవాబు సూటిగా ఉంటుంది: మనసూ ఒక ఇంద్రియమే, కాకపోతే లోపలిది.

నెల్లూరులో చేపల పులుసు తింటున్నారనుకోండి. అందులోని మామిడికాయ పులుపు నాలుకకు తెలుస్తుంది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అన్న సుఖం మాత్రం మనసుకే తెలుస్తుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. పులుపు తెలియాలన్నా మనసు నాలుకతో కలవాలి. ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తూ తింటే కంచం ఖాళీ అయినా రుచి తెలీదు. మనసు అణువంతది, ఒకేసారి రెండు ఇంద్రియాలతో కలవలేదంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు. నాకు బాగా నచ్చిన వాదన ఇదే.

అద్వైతంలో 'వేదాంత పరిభాష' అనే గ్రంథం అసలు మనసు ఇంద్రియమే కాదంటుంది. సుఖదుఃఖాలు సాక్షి చైతన్యానికి, అంటే లోపల జరిగేదంతా చూస్తూ ఉండే ఎరుకకు, నేరుగా తెలుస్తాయట.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లో వేరే దారి పట్టాడు. బయటి ఇంద్రియానికి రూపం, అంటే అనుభవం ఒదిగే చట్రం, దేశం (స్థలం). లోపలి ఇంద్రియానికి కాలం. అందుకే మనకు మనం కూడా కాలంలో కనిపించినట్టే తెలుస్తాం తప్ప, ఉన్నది ఉన్నట్టు కాదంటాడు. న్యాయ దర్శనంలో తొలివాళ్ల తర్వాత వచ్చిన నైయాయికుల మాట దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ల లెక్కలో 'నేను' అనే ఆత్మ మనసుకు ప్రత్యక్షమే, అంటే నేరుగా తెలిసేదే.