నీడ దగ్గర జాగ్రత్త

అమ్మాయీ,

నీ అనువాదం 11 పేజీలూ చదివాను. బాగానే నడిచింది. ఒక్క ‘నీడ’ దగ్గరే కలం తడబడింది. ఆ మాట కనిపించిన చోటల్లా ‘షాడో’ అని దింపేశావు. ముసలాయన షాడోలో కూర్చున్నాడంటే, ఇంగ్లీషు చదివేవాడికి ఎవరి కంటా పడకుండా చీకట్లో నక్కినట్టు తోస్తుంది. ఆయన పాపం ఎండ తప్పించుకుంటున్నాడంతే. అక్కడ ‘షేడ్’ పడాలి.

నేను ముందు చూసేది నీడకి అంచు ఉందా అని. చుట్టూ సుద్దముక్కతో గీత గీయగలిగితే షాడో. ఎండ తగలని చోటు, కాసేపు సేదతీరే చోటు అయితే షేడ్. అందుకే షాడోలని ఒకటీ రెండూ అని లెక్కపెడతారు, ఆ చల్లదనాన్ని మాత్రం లెక్కపెట్టరు. సాయంత్రం సాగేది చెట్టు షాడో, మనం కూర్చునేది దాని షేడ్‌లో. చంద్రగ్రహణంలో చంద్రుడి మీద పడేదీ భూమి షాడోనే. దాని వంపు కంటికి కనిపిస్తుంది కదా.

తమాషా ఏమిటంటే, పుట్టుకలో రెండూ ఒకటే మాట. పాత ఇంగ్లీషులో దాని ప్రథమావిభక్తి రూపం నుంచి షేడ్, తక్కిన విభక్తుల రూపం నుంచి షాడో వచ్చాయి. తర్వాత విభక్తులు రాలిపోయాయి గానీ మాటలు రెండూ ఉండిపోయాయి.

రంగుల షేడ్ సంగతి నీకు తెలిసిందే, మనకూ అక్కడ ‘ఛాయ’ ఉంది.

అసలు గొయ్యి వేరే ఉంది. అందులో నేను పడ్డాను. ఒక సన్మానసభ ప్రసంగంలో శిష్యుడు ‘గురువుగారి నీడలో పెరిగాను’ అంటే, ‘ఇన్ హిజ్ షాడో’ అని రాసి పంపేశాను. అచ్చయ్యాక చదివిన ఒకాయన, ‘ఆ గురువు ఈయన్ని పైకి రానివ్వలేదా ఏమిటి?’ అని అడిగాడు. తల కొట్టేసినట్టయింది. ఇంగ్లీషులో ఒకరి షాడోలో ఉండడమంటే వాళ్ల పేరు చాటున మన పేరు మరుగున పడడం. పోనీ షేడ్ అందామా అంటే, గురువుగారిని చెట్టును చేసినట్టుంటుంది. నీడ అన్న మాటే వదిలేసి ‘అండర్ హిజ్ కేర్’ అనాల్సింది.

‘నీడలా వెంటాడాడు’ అన్న చోట షాడో చక్కగా అతికింది, దాన్ని కదపకు. 7వ పేజీలో ‘అమ్మ నీడన’ ఉంది చూడు, అది మాత్రం మళ్లీ రాయాలి. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను, ‘కేర్’ అక్కడ మరీ పేలవంగా ఉంది. నీకేమైనా తడితే వెంటనే రాయి.

మీ పెదనాన్న