సర్వర్ మారాక నెట్‌వర్క్ ఎందుకు పోతుంది?

ప్రశ్న: మేడమ్, మాది మిర్చి కమీషన్ వ్యాపారం. అకౌంట్స్ నడిచే విండోస్ సర్వర్ 2019 వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్‌లో నడిచే కంప్యూటర్) వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కి మార్చాం. రెండూ అలాంటి మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్లే. సర్వర్ లేచింది, నెట్‌వర్క్ మాత్రం రావడం లేదు. పాత ఐపీ అడ్రస్ ఇస్తే, అది ఇప్పటికే వేరే అడాప్టర్‌కి ఉందంటోంది. ఆ అడాప్టర్ ఎక్కడా కనిపించడం లేదు. ఇంకో లైనక్స్ సర్వర్‌నూ మార్చాలి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇందులో మీ డేటాకి వచ్చిన నష్టమేమీ లేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. డిస్క్ ఉన్నది ఉన్నట్టే వచ్చింది. మారింది నెట్‌వర్క్ కార్డు, అంటే మీరన్న అడాప్టర్. వీఎంవేర్‌లో వీఎంఎక్స్‌నెట్3 ఉండేది, ఇక్కడ వర్ట్‌ఐవో వచ్చింది. విండోస్‌కి ఇది కొత్త కార్డే. పాత కార్డు, దానికిచ్చిన ఐపీ రెండూ విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో అలాగే ఉండిపోయాయి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా గుమ్మం మీద వాళ్ల పేరు బోర్డు మిగిలిపోయినట్టన్నమాట.

డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ చూపించమనండి. నెట్‌వర్క్ అడాప్టర్లలో మసకగా కనిపించే వీఎంఎక్స్‌నెట్3ని మాత్రమే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అక్కడే ఉండే వ్యాన్ మినీపోర్టుల జోలికి వెళ్లకండి, అవి విండోస్‌వే. తర్వాత కొత్త కార్డుకి ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ ఇవ్వండి. అయినా మిగతా కంప్యూటర్లకి సర్వర్ అందకపోతే, విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కగట్టిందేమో చూడండి. అప్పుడు ఫైర్‌వాల్ అడ్డుపడుతుంది. చాలామంది ఈ ఒక్కటీ చూడక గంటల తరబడి కేబుళ్లు, స్విచ్‌లు వెతుకుతుంటారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

ఇకపై విండోస్ మెషీన్ ఏది మార్చినా, అది వీఎంవేర్‌లో ఉండగానే ఐపీకాన్ఫిగ్ కమాండ్ చూపే నెట్‌వర్క్ వివరాలన్నీ కాగితం మీద రాసుకోండి, వర్ట్‌ఐవో డ్రైవర్లు ఎక్కించండి. అన్నిటికంటే చివర్లో వీఎంవేర్ టూల్స్ తీసేయండి. ఆ పని రిమోట్ డెస్క్‌టాప్‌లో చేయొద్దు. టూల్స్‌తోపాటు కార్డు డ్రైవర్ పోయి కనెక్షన్ తెగిపోతుంది. వీఎంవేర్ కన్సోల్‌లోనే (నెట్‌వర్క్ లేకున్నా మెషీన్ స్క్రీన్ కనిపించే విండో) చేయండి. ప్రాక్స్‌మాక్స్‌కి వచ్చాక తీద్దామనుకుంటే ఆ టూల్స్ ఓ పట్టాన కదలవు.

లైనక్స్‌లో చిక్కు కార్డు పేరుతో. వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అని ఉన్నది ప్రాక్స్‌మాక్స్‌లో సాధారణంగా ఈఎన్ఎస్18 అవుతుంది. నెట్‌ప్లాన్ ఫైల్లో (ఉబుంటు లైనక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) పాత పేరే ఉంటే ఐపీ రాదు. కన్సోల్ నుంచి ఆ పేరు మార్చండి.

డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక కార్డుకి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చే ఏర్పాటు) గానీ, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ గానీ మ్యాక్ అడ్రస్‌తో, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుతో ముడిపడి ఉంటే, కొత్త మెషీన్‌కి పాత మ్యాక్ అడ్రస్సే ఇవ్వండి. అలా ఇచ్చాక రెండు మెషీన్లూ ఒకేసారి నెట్‌వర్క్‌లో ఉండకూడదు. పాతదాన్ని వెంటనే డిలీట్ చేయకండి, అవసరం పడొచ్చు. దాన్ని ఆపేసి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కార్డుకి ‘కనెక్ట్ ఎట్ పవర్ ఆన్’ టిక్కు తీసేయండి. ఎవరైనా తెలియక ఆన్ చేసినా గొడవ రాదు.