కంపెనీకి ముందున్న పేజీలు

అమ్మడూ,

శ్రీసిటీలో వచ్చిన ట్రైనీ ఉద్యోగం వదిలేసి, స్నేహితులతో కలిసి సొంత కంపెనీ పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. పెట్టొద్దని నేననను. ఇంజనీరింగ్ చదివి వ్యాపారంలో ఎదిగినవాళ్ల గురించి నువ్వు బాగానే చదివావు. కాకపోతే కంపెనీ పెట్టిన సంవత్సరం నుంచి చదువుతున్నావు. దానికి ముందున్న పేజీలు కూడా తిరగెయ్యి.

మన పేటమిట్ట మనిషినే చూడు. గల్లా రామచంద్రనాయుడు గారు ఎస్వీ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ చదివారు. పైచదువుల తర్వాత అమెరికాలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశారు, అణువిద్యుత్ కేంద్రాల డిజైన్ పనితో సహా. 1985లో కరకంబాడిలో అమరరాజా కంపెనీ పెట్టింది ఆ అనుభవంతోనే. ఆ కంపెనీ నుంచి నువ్వు చెప్పే అమరాన్ బ్యాటరీ వచ్చింది 2000లో!

అప్పటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీ గదులు నేను చూశాను. తలుపు తీస్తే యాసిడ్ ఘాటు. వరసగా రెండు వోల్టుల సెల్స్. ఒక్కోదానికీ మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టి రీడింగ్ రిజిస్టర్లో రాయాలి, టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొరను తుడవాలి. నీళ్లు పోసే పని లేని సీల్డ్ బ్యాటరీ ఎంత అవసరమో ఆ గదిలో గంటసేపు నిలబడ్డవాడికి వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో ఆ రకం బ్యాటరీలు తొలినాళ్లలోనే తయారుచేసిన కంపెనీల్లో అమరరాజా ఒకటి. కొనేవాడి కష్టం ఎక్కడుందో తెలిసినచోట వ్యాపారం పుడుతుంది. అది క్లాసులో కూర్చుంటే కనపడదు తల్లీ.

బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు కాకినాడలో మెకానికల్, కాన్పూర్ ఐఐటీలో ఎం.టెక్ చదివినవారు. 1991లో ఇన్ఫోటెక్ అనే ఇంజనీరింగ్ సేవల కంపెనీ, అంటే ఇప్పటి సైయెంట్, పెట్టేనాటికి ఆయనకి నలభై ఏళ్లు.

ఇక నారాయణమూర్తి గారు. 1981లో ఇన్ఫోసిస్ పెట్టడానికి భార్య సుధమ్మ ఇచ్చిన పది వేల సంగతి అందరికీ నోటికొచ్చు. అంతకుముందు ఆయన పెట్టిన సాఫ్ట్రానిక్స్ నిలవలేదని, తర్వాత పట్నీ కంప్యూటర్స్‌లో ఉద్యోగం చేశారని తక్కువమంది చెబుతారు. ఇన్ఫోసిస్ భాగస్వాములు ఆయనకి దొరికింది అక్కడే. పనిలో ఒకరినొకరు చూసుకున్నవాళ్లు వాళ్లు. నీ స్నేహితులతో నువ్వు పరీక్షలు రాశావే గానీ, గడువు మీద పడ్డ పని ఇంకా చెయ్యలేదు.

ఉద్యోగంలో చేరితే నీ సీటుకి అతుక్కుపోవద్దు. స్టోర్స్‌కి వెళ్లు, పర్చేజ్ వాళ్లతో టీ తాగు, రిజెక్టయిన పీసు ఎందుకు రిజెక్టయిందో ఆపరేటర్నే అడుగు. అన్నిటికన్నా ముఖ్యం అకౌంట్స్. సరుకు కొన్న పార్టీ డబ్బు మూడు నెలలకి ఇచ్చినా, బిల్లు రాసిన నెల లెక్కన జీఎస్టీ కట్టేయాలి. ఈలోపు జీతాలు, కరెంటు బిల్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనుక్కో. సరుకు బాగుండి కూడా ఇక్కడే చేతులెత్తేసిన చిన్న కంపెనీలు నాకు తెలుసు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

చేరేముందు ఏ డిపార్ట్‌మెంటో అడుగు. ప్రొడక్షన్ అయితే మరో ఆలోచన వద్దు, చేరిపో. డిజైన్ అంటే, మొదటి ఆర్నెల్లు షాప్ ఫ్లోర్ మీద వెయ్యమని నువ్వే అడుగు. ఈ ఆదివారం నీ స్నేహితుల్ని కూడా తిరుపతికి తీసుకురా, అత్తయ్య భోజనం పెడుతుంది. మీ సరుకు మొదట ఎవరు కొంటారో, ఎన్నాళ్లకి డబ్బిస్తారో ఒక కాగితం మీద రాసుకుని రండి. కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య